కృతజ్ఞతా పాటను సంఘం నోటికి తిరిగి ఇవ్వండి

విశాఖపట్నం

మన సంఘ కాపరి అయ్యగారికి, కమిటీ పెద్దలకు, క్వయర్ లీడర్‌కు, వాయిద్యాల దగ్గర కూర్చునే తమ్ముళ్లకు ప్రభువు నామంలో వందనాలు.

పోయిన ఆదివారం ప్రకటనల్లో కృతజ్ఞతా పండుగ కార్యక్రమం చదివారు. బయటి నుంచి పాటల బృందం వస్తోందని, గంటన్నర సేపు స్తుతి ఆరాధన వాళ్లే నడిపిస్తారని, స్టేజీకి కొత్త లైట్లు, రెండు పెద్ద స్క్రీన్లు పెట్టిస్తున్నామని చెప్పారు. సంఘం పాడేది మొదట ఒక పాట, ఆశీర్వాదానికి ముందు ఒక పాట. అది విన్నప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. కమిటీలో కూర్చుని మాట్లాడే అవకాశం నాకు లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. సంఘం పేరు రాయకుండా అందరూ చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, వన్ టౌన్ నుంచి గాజువాక దాకా, కంచరపాలెం నుంచి మధురవాడ దాకా పెళ్లిళ్లకు, కూడికలకు, పండుగలకు ఎక్కడికి వెళ్లినా ఇదే పద్ధతి కనబడుతోంది. ఈ మాట ఒక్క మన కమిటీకే చెప్పి ఊరుకుంటే సరిపోదనిపించింది.

నేను అడిగేది ఒక్కటే. దేవునికి కృతజ్ఞత చెప్పే పాటను సంఘమంతా పాడాలి. మా తరఫున ఇంకెవరో పాడుతుంటే మేము కూర్చుని విని, చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోయే పండుగ మనకు వద్దు.

ఆదివారం ఆరాధనలో కింద కూర్చున్నవాళ్లకు ఎలా ఉంటోందో స్టేజీ మీద నుంచి మీకు తెలియకపోవచ్చు. లైట్లు మీ కళ్లలో పడుతుంటాయి, మానిటర్ స్పీకర్లో మీ గొంతే మీకు వినబడుతుంటుంది. నేను స్త్రీల వైపు, ఫ్యాను కింద, వెనక వరసలకు దగ్గరగా కూర్చుంటాను. అక్కడి నుంచి చూస్తే, మొదటి పాట మొదలవగానే ముందు వరసల్లో యూత్ పిల్లలు పాడతారు. మా వైపు పెదవులు పల్లవి వరకు కదులుతాయి. చరణం పైకి లేచేసరికి చాలామంది ఆగిపోతారు. మగవాళ్ల వైపు పెద్దవాళ్లు పాటల పుస్తకం తెరిచి, ఆ పాట అందులో లేదని తెలిసి, మూసి ఒళ్లో పెట్టుకుంటారు. స్క్రీన్ మీద అక్షరాలు స్టేజీ లైట్ల వెలుగులో వెలిసిపోయినట్టు కనబడతాయి. పంక్తి పాడేసిన తర్వాత స్లయిడు మారుతుంది. ఒత్తులు పోయిన మాటలను ముందు చదువుకుని, అర్థం చేసుకుని, ఆ తర్వాత పాడాలి. అంతలోకి డ్రమ్స్ పెరుగుతాయి, చివరి మాట మళ్లీ మళ్లీ వస్తుంది, మేమంతా నిలబడి చూస్తుంటాం. పాట అయ్యాక చప్పట్లు మోగుతాయి.

మన క్వయర్ పిల్లల కష్టం నాకు తెలుసు. వాళ్లలో చాలామంది నా సండే స్కూలు క్లాసులో కూర్చున్నవాళ్లే. పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టు ముగించుకుని, బస్సు దిగి, అన్నం కూడా తినకుండా శనివారం ప్రాక్టీసుకు వస్తారు. కీబోర్డు వాయించే అబ్బాయి వేళ్లలో దేవుడు ఎంత మంచి వరం పెట్టాడో నాకు తెలుసు. కొత్త పాటలు నాకూ ఇష్టమే, వాటిలో కొన్ని పాడుతుంటే కళ్లలో నీళ్లు వస్తాయి. అందుకే ఈ పిల్లల మీద ఫిర్యాదుగా ఈ ఉత్తరం చదవొద్దని వేడుకుంటున్నాను. వాళ్ల చేతికి మనం ఇచ్చిన పని ఏమిటన్నదే నా బాధ. వాళ్లను పాడి వినిపించమన్నాం. పాడించమని అడగలేదు.

కొలస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో పౌలు కీర్తనలతో, సంగీతాలతో, ఆత్మసంబంధమైన పద్యాలతో ఒకరికి ఒకరు బోధించుకోమంటాడు. కృపాసహితంగా హృదయంలో దేవునికి పాడమంటాడు. ఎఫెసీయుల పత్రికలో కూడా ఒకరినొకరు హెచ్చరించుకుంటూ పాడమని చెప్పిన వెంటనే, అన్నిటిని బట్టి ఎల్లప్పుడూ తండ్రికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించమంటాడు. ఒకరికి ఒకరు అన్నాడంటే, పక్కన కూర్చున్న అక్క గొంతు నాకు వినబడాలి, నా గొంతు ఆవిడకు వినబడాలి. భర్త పోయి నెల తిరగకుండానే గుడికి వచ్చిన మనిషి నా పక్కన నిలబడి దేవుని మంచితనం గురించి పాడుతుంటే, నాకు అంతకన్నా పెద్ద ప్రసంగం ఉండదు. స్పీకర్ల శబ్దంలో ఆ గొంతు నాకు వినబడకపోతే ఆ ప్రసంగం నాకు అందనట్టే. అయ్యగారూ, మీరు ఎంత బాగా వాక్యం చెప్పినా ఈ బోధ మాత్రం ప్రసంగ వేదిక మీద నుంచి జరగదు. ఇది వరసల మధ్య, బెంచీల మీద జరగాల్సిన బోధ.

లూకా సువార్త పదిహేడో అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. ఒకడు తిరిగి వచ్చాడు. గొప్ప శబ్దంతో దేవుణ్ణి మహిమపరుస్తూ వచ్చి యేసు పాదాల దగ్గర సాగిలపడ్డాడు. అతను సమరయుడు. గుడిలో పాటలు నేర్చుకున్నవాడు కాదు, యెరూషలేము గాయకుల్లో అతనికి చోటు ఉండేది కాదు. అయినా తన బదులు మంచి గొంతు ఉన్నవాణ్ణి పంపాలని అనుకోలేదు. బాగుపడిన శరీరం అతనిది, కృతజ్ఞత చెప్పిన గొంతూ అతనిదే.

ఇక పాటలు అందకపోవడం గురించి. మన స్త్రీల సమాజం కూడికల్లో హార్మోనియం పెట్టెతో పాటలు పాడిస్తుంటాను కాబట్టి ఇది కొంచెం వివరంగా చెప్పగలను. మామూలు గొంతు ఒక స్థాయి, దానిపైన రెండు మూడు స్వరాల వరకు ఇబ్బంది లేకుండా పాడుతుంది. అంతకు మించి సాగే పాట సాధన చేసిన గొంతుకే సాధ్యం. ఇప్పుడు మన పాటలన్నీ ముందు నిలబడి పాడే అబ్బాయి గొంతు ఎక్కడ బాగా మెరుస్తుందో ఆ శ్రుతిలో ఎత్తుకుంటున్నాం. యూట్యూబులో ఏ స్కేలులో ఉందో ఆదివారం కూడా అదే స్కేలు. అది సినిమా గాయకుల ఎత్తు. అక్కడ ఆడవాళ్లకు రెండే దారులు ఉంటాయి. పై స్థాయికి వెళ్లి అరవాలి, లేదంటే కింది స్థాయికి దిగి గొణగాలి. రెండూ ఇష్టం లేనివాళ్లు ఊరుకుంటారు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. పాటలో అన్నిటికన్నా పైన వచ్చే స్వరం పై డి దాటకుండా స్కేలు దించితే ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు తమ తమ స్థాయిలో అందుకుంటారు. కొన్ని పాటలకు రెండు మెట్లు దించితే చాలు. ముందు పాడే అబ్బాయి గొంతు అక్కడ కొంచెం మామూలుగా వినబడుతుంది. అలా వినబడినా ఏమీ నష్టం లేదు.

సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, కూడా అంతే. ప్రతి చరణంలో ఒక కొత్త సంగతి వేస్తే వినడానికి బాగుంటుంది కానీ వెంట పాడేవాళ్లు తడబడతారు. వరస స్థిరంగా ఉంటే పాట తెలియని కొత్తవాళ్లు కూడా రెండో చరణానికల్లా కలుస్తారు.

మన ముందువాళ్లకు ఇది బాగా తెలుసు. ఈ ఊరికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ వచ్చారు. భాష నేర్చుకున్నారు, బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. ఆ పని అచ్చులో చూడకుండానే ఇద్దరూ కన్నుమూశారు. వాళ్లు సిద్ధం చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాక్యం అలా వచ్చింది. కానీ తెలుగువాళ్ల నోటికి పాట వచ్చింది మన మట్టిలో పుట్టిన కవుల వల్ల. గంజాం సీమలో పుట్టి, ఈ ఉత్తరాంధ్ర దారులన్నీ తిరిగిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) దేవుని ఉపకారాలను మనకు తెలిసిన రాగాల్లో, పల్లవి, చరణాలు ఉన్న కీర్తనల్లో పెట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా పాటల తల మీద ఇప్పటికీ రాగం, తాళం పేర్లు కనబడతాయి.

పల్లవి ఉన్న కీర్తన బలమేమిటో ఆలోచించండి. చదువు రాని అవ్వకు చరణాలు రాకపోయినా పల్లవి వస్తుంది. చరణం ఎవరు పాడినా పల్లవికి సంఘమంతా తిరిగి వస్తుంది. పల్లెల్లో పాడించే ఆయన ఒక పంక్తి చెబితే అందరూ ఆ పంక్తిని తిరిగి అనేవాళ్లు. పుస్తకం, స్క్రీన్ లేకుండానే, అక్షరం రానివాళ్లు పాతిక ముప్పై కీర్తనలు కంఠతా పట్టారు. మా అమ్మకు వంట చేస్తున్నంతసేపూ అవే. పొయ్యి వెలిగించేటప్పుడు ఒకటి, అన్నం వార్చేటప్పుడు ఒకటి. ఆదివారం గుడిలో నోటికి పట్టిన పాటే వారమంతా ఇంట్లో మోగుతుంది. గుడిలో పాడకుండా విన్న పాట ఇంట్లో మోగాలంటే ఫోను ఆన్ చేయాలి. మన ఇళ్లలో ఇప్పుడు జరుగుతున్నది అదే.

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నానికి హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడింది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. బీచ్ రోడ్డు నుంచి విమానాశ్రయం దాకా ఏమైందో, కైలాసగిరి మీద చెట్లు ఏమయ్యాయో మీరంతా చూసినవాళ్లే. ఆ వారమంతా పాలకు, మంచినీళ్లకు, కొవ్వొత్తులకు లైన్లలో నిలబడ్డాం. ఆ తర్వాతి ఆదివారం గుడికి వచ్చేసరికి మన వీధికి ఇంకా కరెంటు రాలేదు. వరండా రేకులు పక్క సందులో పడి ఉన్నాయి. కిటికీలకు అద్దాలు లేవు. కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. మైకు లేదు. క్వయర్ పిల్లలు ఏం చేయాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, మగవాళ్ల వైపు నుంచి ఒక పెద్దాయన తన గొంతుకు తగ్గ శ్రుతిలో ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. రెండో మాటకల్లా హాలంతా అందుకుంది. ఎవరో బెంచీ మీద వేళ్లతో తాళం వేశారు. నా పక్కన కూర్చున్న ఆవిడ ఇల్లు జాలారిపేట వైపు. పైకప్పు పూర్తిగా పోయింది, మూడు రోజులు పిల్లలతో స్కూలు భవనంలో ఉంది. ఆవిడ కూడా పాడుతోంది. మధ్యలో గొంతు పట్టేసినప్పుడు ఆగి, పల్లవికి మళ్లీ వస్తోంది. ఆవిడ ఆగిన చోట మేము పాడాం, నా గొంతు ఆగిన చోట ఆవిడ పాడింది. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు అయ్యగారు చెప్పిన వాక్యం ఏ భాగం నుంచో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆ పాట మాత్రం ఏ చరణంలో ఎవరి గొంతు లేచిందో కూడా గుర్తుంది.

కరెంటు పోతేనే సంఘం పాడాలా? కరెంటు ఉన్న ఆదివారం కూడా పాడవచ్చు కదా. వాయిద్యాలు వద్దని నేను అనడం లేదు. హార్మోనియం, తబలా, కీబోర్డు, గిటారు అన్నీ ఉండాలి. కీర్తనల గ్రంథం నిండా తంతివాద్యాలు, తాళాలు, బూరలు ఉన్నాయి. అయితే వాటి శబ్దం సంఘం శబ్దం కింద ఉండాలి. కొలవడానికి యంత్రం అక్కర్లేదు. మధ్య వరసలో నిలబడినవాళ్లకు పక్కవాళ్ల పాట వినబడుతోందా అని అడిగి, ఆ మేరకు సౌండ్ తగ్గించండి.

ఇప్పుడు అసలు కృతజ్ఞత పాటల్లో ఏముండాలన్న విషయం. దీని మీద ఎక్కువ ఆలోచించాను, అందుకే కాస్త ఓపిగ్గా చదవమని అడుగుతున్నాను.

మనం ఇప్పుడు పాడుతున్న స్తుతి పాటల్లో చాలావాటిలో దేవుడు గొప్పవాడు, మంచివాడు, ఆయనకు వందనాలు అన్న మాటలే తిరిగి తిరిగి వస్తాయి. అవి నిజమైన మాటలే. కానీ దేనికి వందనాలో చెప్పకుండా పాట అయిపోతోంది. 136వ కీర్తన చూడండి. ఇరవై ఆరు వచనాలు. ప్రతి వచనం చివరా ఒకే పల్లవి, "ఆయన కృప నిరంతరముండును". ఆ పల్లవికి ముందు ప్రతిసారీ ఒక పని ఉంటుంది. ఆకాశం చేశాడు, భూమిని నీళ్ల మీద పరిచాడు, ఐగుప్తు నుంచి రప్పించాడు, ఎర్ర సముద్రాన్ని పాయలు చేశాడు, అరణ్యంలో నడిపించాడు, సీహోనును, ఓగును ఓడించాడు. రాజుల పేర్లతో సహా చెప్పింది. చివరికి వచ్చేసరికి, మనం దీనదశలో ఉన్నప్పుడు జ్ఞాపకం చేసుకున్నాడని, సమస్త జీవులకు ఆహారం ఇస్తున్నాడని ముగుస్తుంది. పని చెప్పేవాళ్లు చెబుతుంటే పల్లవి అనేది జనం. పాట కట్టిన తీరులోనే సంఘానికి చోటు ఉంది.

107వ కీర్తన ఇంకా దగ్గరికి వస్తుంది. అందులో నాలుగు రకాల మనుషులు ఉన్నారు. దారి తప్పి అరణ్యంలో తిరిగినవాళ్లు, చీకట్లో సంకెళ్లతో ఉన్నవాళ్లు, అన్నం సహించని రోగంతో మరణద్వారాల దాకా వెళ్లినవాళ్లు, ఓడలెక్కి సముద్రం మీదికి వెళ్లినవాళ్లు. నలుగురి కథా చెప్పాక నాలుగుసార్లూ ఒకే మాట వస్తుంది, నరులకు ఆయన చేసిన ఆశ్చర్యకార్యాలను బట్టి ఆయనకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించాలని. సముద్రం మీదికి వెళ్లినవాళ్ల భాగం చదివితే మన ఫిషింగ్ హార్బరు కళ్లముందు కనబడుతుంది. అలలు పైకి లేవడం, మత్తులో ఉన్నవాళ్లలా తూలడం, ఏం చేయాలో తోచకపోవడం, గాలి నెమ్మదించాక కోరిన రేవుకు చేరడం. ఆ తర్వాత వాళ్లు జనసమాజంలో ఆయనను ఘనపరచాలని రాసి ఉంది. అంటే ఒడ్డుకు చేరినవాడు వచ్చి, అందరి మధ్య నోరు తెరవాలి.

మన ఊరికి ఇంతకన్నా తగిన పాట ఎక్కడ దొరుకుతుంది? కోత పండుగ పాటల్లో మనం ఇప్పటికీ వరి పనలు, కళ్లాలు, గాదెలు అంటున్నాం. పల్లెల్లో అది సరైనదే, మన పెద్దలు ఆ పల్లెల నుంచే వచ్చారు. కానీ ఇప్పుడు మన బెంచీల మీద కూర్చున్నది పోర్టులో క్రేన్లు నడిపేవాళ్లు, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు, కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ చేసే నర్సులు, ఆటో నడిపేవాళ్లు, ఇళ్లలో పనిచేసే అమ్మలు, మరబోట్ల మీద వేటకు వెళ్లేవాళ్లు. వాళ్ల కోత వేరు. వాళ్ల కోత మన పాటలోకి రావాలి.

కాబట్టి పండుగ రోజు ఒక పని చేద్దాం. 136వ కీర్తన పల్లవినే ఒక తేలికైన వరసలో పెట్టుకుందాం, నాలుగైదు స్వరాలు దాటని వరస. సంఘంలో ఒక్కొక్కరు లేచి ఒక్కొక్క పంక్తి చదువుతారు, ప్రతి పంక్తికీ సంఘం పల్లవి పాడుతుంది. పంక్తులు మనం రాసుకున్నవే. ఉదాహరణకు ఇలా:

ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో మా పొయ్యి ఆరిపోకుండా చూశాడు. ఆయన కృప నిరంతరముండును.

నిషేధం ముగిశాక వేటకు వెళ్లిన బోటును మనుషులందరితో రేవుకు చేర్చాడు. ఆయన కృప నిరంతరముండును.

ఆసుపత్రి వార్డులో ఆక్సిజన్ పెట్టిన రాత్రి నా పక్కన ఒక నర్సును మేలుకొని ఉంచాడు. ఆయన కృప నిరంతరముండును.

ఫర్నేస్ దగ్గర పనిచేసే నా భర్తను ప్రతి షిఫ్టు తర్వాతా ఇంటికి తెచ్చాడు. ఆయన కృప నిరంతరముండును.

అప్పు తీరింది. ఆయన కృప నిరంతరముండును.

పాటలో గొప్పతనం లేదని ఎవరైనా అంటారేమో. నాకైతే లైట్ల వెలుగులో పాడే ఏ పాటకన్నా ఇందులోనే కృతజ్ఞత నిండుగా కనబడుతోంది. స్త్రీల సమాజంలో ఈ పంక్తులు రాయడం ఇప్పటికే మొదలుపెట్టాం. రాయడం రానివాళ్లు చెబుతుంటే పిల్లలు రాసిపెడుతున్నారు. ఒకావిడ మొదట, "నేను చెప్పుకోవడానికి ఏముందమ్మా" అంది. మాటల్లో పెట్టేసరికి కాగితం రెండు వైపులా నిండింది.

ఇంకో మాట చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. కృతజ్ఞతా కానుకల కవర్లు చదివేటప్పుడు వీసా వచ్చినందుకు, ఫ్లాటు కొన్నందుకు, సీటు వచ్చినందుకు అని వింటాం. వాళ్ల సంతోషంలో మనకూ సంతోషమే. కానీ వీసా రానివాడు, సీటు తప్పిన పిల్ల, ఈ ఏడాది ఇంట్లో మనిషి పోయిన కుటుంబం అదే హాలులో కూర్చుని ఉంటారు. కృతజ్ఞత పాటలన్నీ గెలిచినవాళ్ల పాటలే అయితే, హుషారు తాళంలో గంటన్నర సేపు సాగితే, వాళ్లు ఎక్కడ కలవాలి?

యేసు ప్రభువు కడరాత్రి భోజనం చేసి, కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లాడని మార్కు సువార్తలో ఉంది. పస్కా రాత్రి యూదులు పాడేవి 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనలు. 118వ కీర్తన కృతజ్ఞతాస్తుతితోనే మొదలై దానితోనే ముగుస్తుంది. ఇంకొన్ని గంటల్లో పట్టుబడబోయే వ్యక్తి పాడిన పాట అది. హబక్కూకు ప్రవక్త, అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా ఆనందిస్తాననీ, ఆ మాటలను తంతివాద్యాలతో పాడాలనీ ప్రధాన గాయకుడికి ఇచ్చాడు. అంటే పంట పోయిన ఏడు పాడే పాట కూడా గాయకుల పుస్తకంలో ఉండాలి. ఎజ్రా గ్రంథం మూడో అధ్యాయంలో కొత్త మందిరానికి పునాది వేసినప్పుడు లేవీయులు కృతజ్ఞతాస్తుతులు పాడారు. పాత మందిరం చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. ఏది సంతోష ధ్వనో ఏది ఏడుపో జనం తెలుసుకోలేకపోయారు. ఎవరూ ఆ ముసలివాళ్లను ఊరుకోమనలేదు.

మన ఊరికి 2020 మే 7 తెల్లవారుజాము గుర్తుంది. ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకై, నిద్రలో ఉన్నవాళ్లు వీధుల్లోకి పరుగెత్తి కూలిపోయారు. ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది, ఆ పై ఏడాది కరోనా మన వరసల్లో చోట్లు ఖాళీ చేసింది. ఆ చోట్ల పక్కన కూర్చునేవాళ్లు ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తున్నారు. వాళ్ల నోట కూడా కృతజ్ఞత ఉంది, అది నెమ్మదిగా నడిచే పాట కోరుకుంటుంది. పండుగ పాటల్లో కనీసం రెండు అలాంటివి పెట్టండి. వాటికి డ్రమ్స్ వద్దు, ఒక్క హార్మోనియం చాలు. పాట మధ్యలో ఎవరైనా ఏడిస్తే మైకులో పెద్దగా హల్లెలూయా అని దాన్ని కప్పేయవద్దు.

క్వయర్ వాళ్లు ఎక్కడ నిలబడాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ నాకు ముఖ్యమే. నెహెమ్యా యెరూషలేము ప్రాకారం ప్రతిష్ఠించిన రోజు స్తోత్రగీతాలు పాడేవాళ్లను రెండు గుంపులుగా చేసి, గోడ మీద చెరొక దిక్కుకు నడిపించాడు. వాళ్ల వెనక జనం నడిచారు. రెండు గుంపులూ మందిరంలో కలిశాయి. ఆడవాళ్లు, పిల్లలు కూడా సంతోషించారని, ఆ ధ్వని దూరానికి వినబడిందని రాసి ఉంది. క్వయర్ జనంతో కలిసి నడిచింది. మన పిల్లలను కూడా పండుగ రోజు స్టేజీ దింపి సగం మందిని మగవాళ్ల వైపు, సగం మందిని ఆడవాళ్ల వైపు వరసల మధ్య నిలబెట్టండి. వాళ్ల గొంతు ఊతంగా పక్కవాళ్లు పాడతారు. కానుకల సమయంలో కూడా కీబోర్డు మీద ఏదో ఒక వరస వాయించే బదులు అందరికీ వచ్చిన కీర్తన ఒకటి పాడిద్దాం. కృతజ్ఞత చేతితో ఇచ్చేటప్పుడు నోరు ఊరికే ఉండటం ఎందుకు?

సండే స్కూలు పిల్లల సంగతి. ట్రాక్ పెడితే చక్కగా పాడతారు, యాక్షన్ కూడా చేస్తారు. ట్రాక్ ఆపితే ఆగిపోతారు. నెలకు ఒక కీర్తన ట్రాక్ లేకుండా నేర్పిస్తే ఏడాదికి పన్నెండు. పదేళ్ల పిల్లకు పన్నెండు కీర్తనలు నోటికి వస్తే చాలా పెద్ద ఆస్తి.

బయటి బృందానికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే ఆ మాట తప్పవద్దు. వాళ్లూ దేవుని సేవకులే. రమ్మనండి, మంచి భోజనం పెడదాం, రెండు పాటలు వాళ్ల దగ్గర విందాం. మిగిలిన సమయం సంఘానికి ఇవ్వండి. లైట్లకు, స్క్రీన్లకు అనుకున్న డబ్బులో కొంత తీసి పాటల కాగితం పెద్ద అక్షరాల్లో, ఒత్తులు సరిచూసి అచ్చు వేయించండి. అచ్చుతప్పులు దిద్దే పని నేను చేస్తాను. పండుగ దాకా ప్రతి శనివారం సాయంత్రం హాలు తాళం తీయించండి. మైకు పెట్టకుండా, సంఘంలో ఎవరు వచ్చినా కూర్చుని పాడేలా ప్రాక్టీసు పెడదాం. స్త్రీల సమాజం వాళ్లం వస్తాం, హార్మోనియం మాదే తెస్తాం. స్కేలు సంగతి కీబోర్డు తమ్ముడితో కూర్చుని పాట పాటకూ చూసుకుంటాం. షిఫ్టు ముగించుకుని వచ్చే పిల్లలకు టీ, ఉప్మా మేము చేసి పెడతాం.

వచ్చే కమిటీ మీటింగులో ఈ ఉత్తరం చదివించి, మీ నిర్ణయం ఏదైనా సరే ఆదివారం ప్రకటనల్లో అందరికీ చెప్పమని పెద్దలను వినయంగా అడుగుతున్నాను.

ప్రభువునందు,
మీ సహోదరి,
స్త్రీల సమాజం సభ్యురాలు